గుండి ఒత్తప్పా

ఆ రోజుల్లో మా పావగడ సీమకు కొత్తవాళ్ళెవరైనా వస్తే బస్సు కిటికీలోంచి చూసి, "అబ్బ, ఎన్ని నీళ్ళో" అనుకునేవారు. సోలారు ప్యానెళ్ళు పరిచిన కొత్త అది. నిన్నటిదాకా శెనక్కాయ చేలు, కంపచెట్లు, గొర్రెలు తిరిగే బీళ్ళు. చూస్తూండగానే కనుచూపు మేర నీలం పరుచుకుంది. పొద్దున పూట గుట్ట ఎక్కి చూస్తే గాలికి అలలు కూడా లేస్తున్నట్టుండేది. (అలలు కావు, ఎండ. అయినా బస్టాండు దగ్గర బజ్జీలు వేసే ఒకాయనకు ఆ నీళ్ళల్లో చేపలు కూడా ఉన్నాయని చెప్పాను. ఆయన వల ఎక్కడ దొరుకుతుందని వాకబు చేసేదాకా ఊరుకున్నాను.) నీళ్ళు అడిగితే దేవుడు నీళ్ళ రంగు పంపించాడని మా మేనమామ అనేవాడు. వయసులో ఉన్నవాడికి రంగు చాలు. నేనప్పుడు ముప్పైకి ఇవతలి గట్టున ఉన్నాను. పెళ్ళి కాలేదు. ఊళ్ళో నన్ను కోతలప్ప అనేవారు. వానలు లేక పంట కోతలు లేని ఊళ్ళో ఆ లోటు వీడొక్కడే తీరుస్తున్నాడని దాని భావం. నేను దాన్ని బిరుదుగానే తీసుకున్నాను.

ప్యానెళ్ళ మీద దుమ్ము పడితే కరెంటు తగ్గుతుందట. అందుకని వాటిని కడగడానికి చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళను పెట్టారు. ట్యాంకరు నుంచి పైపు లాగి వాళ్ళ వెనకాల పట్టుకుని తిరగడం నా పని. అక్కడ అందరికీ తలమీద గట్టి ప్లాస్టిక్ టోపీ ఉండాలి. మాలాంటి వాళ్ళకు పసుపుపచ్చవి, సార్లకు తెల్లవి. ఆ తెల్ల టోపీ ఎండలో మెరుస్తూ పోతుంటే జొన్నచేలో కొంగ నడిచినట్టుండేది. నేను దాన్ని చూస్తూ పైపు వదిలేసి ఎన్నిసార్లు తిట్లు తిన్నానో.

చూడటానికి ఇంకో కారణం కూడా ఉంది. మా మామకు ఒక్కతే కూతురు. పీయూసీ రెండో ఏడు దాకా చదివింది. ఏ మాట చెప్పినా "యాలా?" అని, అంటే ఎందుకని, అడక్కుండా ఒప్పుకునేది కాదు. "పెందరాళే పడుకో" అంటే "యాలా?", "వాన వస్తాది" అంటే "యాలా?" అందుకని ఊరంతా యాలమ్మ అని పేరు పెట్టింది. ఆమె కూడా ప్యానెళ్ళు కడిగే గుంపులోనే ఉండేది. వరసకు మరదలు కాబట్టి నాకు హక్కుందని మా అమ్మ అనుకునేది. మా అమ్మ ఒకరోజు ధైర్యం చేసి తమ్ముణ్ణి అడిగింది. మా మామ తన పొలం సోలారుకు గుత్తకిచ్చి, అదే పొలం గేటు దగ్గర పగటి కాపలాకు కూర్చున్న మనిషి. తన చేనికి తానే కాపలా అయినప్పటినుంచి ఆయన ఎవరి మాటా తేలిగ్గా నమ్మేవాడు కాదు. వేరుశెనగ కాయ ఒకటి ఒలిచి నోట్లో వేసుకుని, నిదానంగా అన్నాడు:

"చూడక్కా, పసుపు టోపీ ఈ పొద్దుంటాది, రేప్పొద్దున పీకేస్తారు. నా బిడ్డ పోయే ఇంట్లో, చిలుక్కొయ్యకు తెల్ల టోపీ ఏలాడతా ఉండాల. అప్పుడు అడుగు."

పక్కనే నిలబడి ఉన్న నాకు ఆ మాట శాసనంలా వినిపించింది. ఆ రోజునుంచి నాకు కలలో కూడా తెల్ల టోపీలే. ఒక కలలో అవి కొంగల్లా ఎగిరి వచ్చి మా ఇంటి కప్పు మీద వాలాయి. ఒక్కటీ లోపలికి మాత్రం రాలేదు.

ఆ రోజుల్లోనే ధారవాడ వైపు నుంచి ఒక సారు వచ్చాడు. ఎవరూ దెబ్బలు తగిలించుకోకుండా, కరెంటు షాకులు కొట్టించుకోకుండా చూడటం ఆయన ఉద్యోగం. ప్రతి మాటకూ ముందు "ఎచ్చరికె" అనేవాడు, అంటే జాగ్రత్త అని. మేం ఆయన్ను ఎచ్చరికె సారు అన్నాం. మంచి మనిషి, లావుపాటి మనిషి, తెలుగు ఒక్క ముక్క రాదు. మాది కర్ణాటకలో ఉన్న తెలుగు సీమ కాబట్టి కన్నడం మా వాళ్ళకందరికీ వచ్చు గానీ ఆయన మాట్లాడే ధారవాడ కన్నడం మాకు సంతలో సద్దులా వినిపించేది. సారు చెప్పేది ఆడవాళ్ళకు తెలుగులో చెప్పడానికి మనిషి కావాలన్నారు. నేను చెయ్యెత్తాను. కన్నడం వచ్చా అంటే వచ్చన్నాను, ఇంగ్లీషు వచ్చా అంటే వచ్చన్నాను, ఒంటి సంగతులు కూడా తెలుసా అంటే పావగడలో డాక్టరు దగ్గర పని చేశానన్నాను. (చేసిన మాట నిజం. ఆయన స్కూటరుకు గాలి కొట్టేవాణ్ణి.) పని బాగా చేస్తే సేఫ్టీ అసిస్టెంటుగా రాయిస్తానని, టోపీ మారుతుందని సారు అన్నాడు. టోపీ అనే మాట వినగానే నా గుండె ఎగిరిన ఎగురుకు చొక్కా కదిలింది.

మొదటి పాఠం గుండె గురించే పడింది. కరెంటు తగిలితే ముందు ఆగేది అదేనని సారు చెప్పాడు. మధ్యాహ్నం సంగటి మూటలు విప్పే ముందు అందరూ ప్యానెళ్ళ నీడలో కూర్చున్నారు. సారు సంచిలోంచి ప్లాస్టిక్ గుండె ఒకటి తీసి పనసకాయలా రెండుగా విప్పాడు. లోపల నాలుగు గదులు, ఎరుపు, నీలం గొట్టాలు. నేను ధైర్యంగా మొదలుపెట్టాను. గుండె అంటే మోటరు, నరాలంటే పైపులు, మోటరు వేస్తే నెత్తురు పైపుల్లో పడి తల నుంచి కాలి బొటనవేలు దాకా పోతుంది అని చెప్పాను. అందరూ తలలూపారు. మా సీమలో మోటరూ పైపులూ తెలియనివాళ్ళు లేరు. యాలమ్మ మాత్రం తలూపలేదు.

"కాలిదంకా పోతాది, సరే బావా. ఆడికి పోయినాక యాడికి పోతాది?"

నేను ఎన్నడూ ఆలోచించని సంగతి అది. పైపులో వచ్చిన నీళ్ళు చేలో ఏమవుతాయి? "ఇంకిపోతాది" అన్నాను.

"దినామూ ఇంకిపోతే మనిషి తడిసి ముద్దయిపోవల్ల గదా?"

ఆడవాళ్ళు నవ్విన నవ్వుకు సారు ఏమైందని అడిగాడు. సొంత ఓటమిని సొంత నోటితో కన్నడంలోకి మార్చి చెప్పాల్సి వచ్చింది నాకు. ఆయన నవ్వలేదు. సంతోషపడ్డాడు. ఇదే అసలు ప్రశ్న అన్నాడు. నెత్తురు ఇంకిపోదట. పోయిన నెత్తురే తిరిగి వస్తుందట. ఒళ్ళంతా తిరిగి అలిసిపోయి, గాలి అయిపోయి, నల్లబడి గుండెకు కుడివైపు గదుల్లోకి చేరుతుందట. గుండె దాన్ని ఊపిరితిత్తుల్లోకి పంపిస్తే అక్కడ కొత్త గాలి పీల్చుకుని ఎర్రగా మళ్ళీ ఎడమవైపు గదుల్లోకి వస్తుంది. అక్కడినుంచి పెద్ద గొట్టంలోకి, దానినుంచి కొమ్మల్లోకి, రెమ్మల్లోకి. మళ్ళీ వెనక్కి. పుట్టింది మొదలు పోయేదాకా ఇదే తిరుగుడు.

పోయే గొట్టాన్ని కన్నడంలో అపధమని అంటారు, వచ్చే గొట్టాన్ని అభిధమని అంటారు. ఈ రెండు పేర్లూ ఆయన నోట వినగానే నాకు తెలుగు మాటలు తట్టలేదు. తట్టింది ఒక్కటే, ఇద్దరు అక్కచెల్లెళ్ళు. అపధమని అక్క, అభిధమని చెల్లెలు. ఇక నేను ఆగితే కదా. గుండె వాళ్ళ పుట్టిల్లన్నాను. నాలుగు గదుల పుట్టిల్లు. అక్క ఎర్రచీర కట్టి, ఒడి నిండా బియ్యం, బెల్లం పెట్టుకుని ఇంటింటికీ పంచుతూ పోతుంది. తల దగ్గరకు పోతుంది, కడుపు దగ్గరకు పోతుంది, చిటికెన వేలినీ మర్చిపోదు. చెల్లెలు నీలంచీర కట్టుకుని, ఊరందరి మాసిన బట్టలు మూటకట్టుకుని, అలసిపోయి పుట్టింటికి వస్తుంది. పుట్టింటి తలుపులు ఒకవైపుకే తెరుచుకుంటాయి. లోపలికి వచ్చినవాళ్ళు వచ్చిన దారినే వెనక్కి పోలేరు. ఆ తలుపులు మూసుకునే చప్పుడే మనకు వినిపించే గుండె చప్పుడు. (ఈ చివరి మాట నా కోత కాదు, సారు చెప్పిందే. ఇన్నాళ్ళూ గుండె కొట్టుకుంటోందనుకున్నది లోపల తలుపులు పడుతున్న చప్పుడని తెలిసి నాకే ఒళ్ళు జలదరించింది. ఊపిరితిత్తుల దారిలో మాత్రం ఈ అక్కచెల్లెళ్ళు చీరలు మార్చుకుంటారని సారు ఇంకో తిరకాసు కూడా చెప్పాడు. అది నేను తెలుగు చెయ్యలేదు. ఒక్క కథలో అన్ని మలుపులు జనం తట్టుకోలేరు.)

ఆడవాళ్ళు సంగటి సంగతి మర్చిపోయారు. ఒకామె కొంగుతో కళ్ళు తుడుచుకుంది, పెళ్ళైన అక్క ఎవరో గుర్తొచ్చి ఉంటుంది. యాలమ్మ మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని ఆ ప్లాస్టిక్ గుండెనే చూసింది. ఆ తర్వాత మెల్లగా అడిగింది.

"అక్క పోతానే ఉంటాది, చెల్లెలు వస్తానే ఉంటాది. ఇద్దురూ యాడ కలుసుకుంటారు?"

ఆ ప్రశ్నను మూటకట్టి పెట్టుకున్నాను. సాయంత్రం సారు వెంటపడి అడిగితే, అక్క చివరికి వెంట్రుక కంటే సన్నమైపోతుందని, చెల్లెలు అంత సన్నగానే మొదలవుతుందని, ఆ సన్నపు సందుల్లోనే ఒకరి చేతిలోంచి ఒకరికి మూట మారుతుందని చెప్పాడు. మర్నాడు ఆ జవాబును పైపుతో పాటు మోసుకుపోయి యాలమ్మకు ఇచ్చాను. ఆమె తన అరచేతిని ఎండకు అడ్డం పెట్టుకుని, వేళ్ళ అంచుల్లో ఎర్రటి వెలుగును చూస్తూ "ఈడన్న మాట" అంది. ఆమె అరచేతిని నేనూ చూశాను. పైపు మళ్ళీ జారింది. ఈసారి నీళ్ళు నా బూట్లలో పడ్డాయి.

గేటు దగ్గర మా మామకు ఇదంతా చేరింది. ఆయన నన్ను పిలిచి కూర్చోబెట్టాడు.

"ఏమిరా, పోయిన నెత్తురు తిరిగొస్తాదని చెప్తాండావంట. మన సీమలో పోయింది యాడన్నా తిరిగొచ్చినాదా? నాగలమడిక కాడ ఏరు పోయె, వచ్చినాదా? నా బోర్లో మోటరు జారిపాయె, వచ్చినాదా? నెత్తురొకటే వస్తాదంటే నేను నమ్మాల్నా?"

నేను నోరు తెరిచేలోపు అన్నం క్యారియరు తెచ్చిన యాలమ్మ దాన్ని కింద పెట్టి, తండ్రి చెయ్యి పట్టుకుని కిందికి వేలాడదీసింది. కాసేపటికి ఆయన ముంజేతి మీద నీలి నరాలు తాళ్ళలా ఉబ్బాయి. "ఇప్పుడు పైకెత్తు నాయినా" అంది. ఎత్తాడు. చూస్తుండగానే తాళ్ళన్నీ చర్మంలోకి మునిగిపోయాయి. "యాడికి పోయినాది చెప్పు? ఇంటికి పోయినాది" అని క్యారియరు విప్పింది. మా మామ చెయ్యి దించడం మర్చిపోయి అట్లాగే కూర్చున్నాడు. గేటు దగ్గరకు వచ్చిన లారీవాడు తనను ఆపమంటున్నాడనుకుని బ్రేకు వేశాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళు నేను నేలమీద నడిచినట్టు గుర్తులేదు. మధ్యాహ్నం ప్యానెళ్ళ కింద చెయ్యి తలగడగా పెట్టి పడుకుంటే చెవిలో తలుపులు పడుతూ ఉండేవి. వాటితోపాటు ఇన్వర్టర్ల గుయ్‌మనే పాట. నా ఒంట్లో ఒక ఏరుంది, దానికి ఎండాకాలం లేదు, ఎగువన ఎవరూ ఆనకట్ట కట్టలేదు, పోయిన నీళ్ళే పోయిన దారి చుట్టి మళ్ళీ వస్తున్నాయి అనుకుంటే, పుట్టి బుద్ధెరిగాక ఏట్లో నీళ్ళు సరిగ్గా చూడనివాడికి అంతకంటే ఏం కావాలి? మణికట్టు మీద వేలు పెట్టుకుని తిరిగేవాణ్ణి. అమ్మ చూసి జ్వరమనుకుని కషాయం కాచింది.

ఇంతలో బెంగుళూరు నుంచి పెద్ద సార్లు వస్తారని కబురొచ్చింది. వాళ్ళ ముందు ఒక ఉత్తుత్తి ప్రమాదం జరిపి చూపించాలట. షాకు కొట్టి ఒకడు పడిపోతాడు. మొదట స్తంభానికున్న ఎర్ర మీట నొక్కాలి, సైరన్ మోగాలి, కరెంటు ఆగాలి. ఆ తర్వాత పడినవాడి దగ్గరకు వెళ్ళి చొక్కా వదులు చేసి, ఛాతీ మీద రెండు చేతులూ పెట్టి ఒత్తినట్టు నటించాలి. కాపాడేవాడు నేను. దీనిమీదే నా టోపీ ఆధారపడి ఉందని సారు చెవిలో చెప్పాడు. పడిపోవడానికి రబ్బరు బొమ్మ ఒకటుండేది గానీ, దాన్ని ఎండలో కారు డిక్కీలో మరిచారు. మా ఎండకు దాని ఛాతీ మెత్తబడి, ఒత్తితే లోపలికి పోయింది, మళ్ళీ పైకి రాలేదు. అందుకని ఎచ్చరికె సారే పడిపోతానన్నాడు. ముందురోజు నాలుగుసార్లు చేసి చూశాం. నాలుగుసార్లూ నేను బ్రహ్మాండంగా కాపాడాను.

ఆ రోజు తెల్ల టోపీలు కొంగల గుంపులా వచ్చి వరసగా నిలబడ్డాయి. ఆడవాళ్ళు ఒకవైపు. గేటు వదిలేసి మా మామ కూడా వచ్చాడు. సారు ఒక్క కేక పెట్టి దబ్బున పడ్డాడు. ఆ పడటం ఎంత బాగా పడ్డాడంటే నా తలలో ఉన్నదంతా ఆ చప్పుడుకు బయటికి పోయింది. స్తంభం సంగతే గుర్తు లేదు. నేరుగా ఆయన దగ్గరకు పరిగెత్తి మోకాళ్ళ మీద కూలబడ్డాను. ఆయన కళ్ళు తెరవకుండా, చచ్చిపోయినవాడు పెదవులు కదపకూడదు కాబట్టి పళ్ళ సందునుంచి మెల్లగా అన్నాడు:

"గుండి... గుండి..."

మా వైపు గుండి అంటే చొక్కాకు ఉండేది. స్తంభానికి ఉండేదాన్ని మేం స్విచ్చి అంటాం, మీట అంటాం. సరే, చొక్కా వదులు చెయ్యమంటున్నాడని గబగబా గుండీలన్నీ విప్పాను. పెద్ద సార్లలో ఒకాయన మెచ్చుకున్నట్టు తలూపాడు. నాకు ఉత్సాహం వచ్చింది. కింద సారు మాత్రం మళ్ళీ అన్నాడు, ఈసారి కొంచెం గట్టిగా, "గుండి ఒత్తప్పా."

గుండీలు విప్పేశాను కదా, ఇంకేం ఒత్తాలి? గాభరాలో ఉన్న మనిషి చెవికి తల్లిభాష తప్ప ఇంకోటి వినపడదు. పళ్ళ సందున నలిగిన ఆ మాట నాకు గుండె ఒత్తప్పా అని స్పష్టంగా వినిపించింది. ఒత్తు అంటే వాళ్ళకూ ఒత్తే, మాకూ ఒత్తే; ఆ మాట కూడా నన్ను కాపాడలేదు. నటిస్తే చాలదని, నిజంగానే ఒత్తమంటున్నాడని, ఎంత పనిమంతుడో అనుకుని రెండు చేతులూ కలిపి ఒక్క ఒత్తు ఒత్తాను. ఆయన కళ్ళు బయటికి వచ్చాయి. "గుండి!" అన్నాడు. ఇంకా గట్టిగా ఒత్తాను. "ఆ గుండి ఒత్తో మారాయా!" అని అరిచాడు. ఆయన అరిచేకొద్దీ నేను ఒత్తాను, నేను ఒత్తేకొద్దీ ఆయన అరిచాడు. మొహం ఎర్రగా కందిపోయింది, చేతులు గాలిలో కొట్టుకుంటున్నాయి. అది చూసి నాకు ఇది నటన కాదని, నిజంగానే నా చేతుల కింద మనిషి పోతున్నాడని అనిపించింది. లోపల తలుపులు ఆగిపోతున్నాయి, అక్క బయలుదేరలేదు, చెల్లెలు ఇల్లు చేరలేదు. కళ్ళనీళ్ళు కారుతుండగా, "పోవద్దు సారూ, తిరిగి రా సారూ" అంటూ ఒత్తాను. తెల్ల టోపీలన్నీ చప్పట్లు కొట్టాయి.

అప్పుడు ఆడవాళ్ళ గుంపులోంచి యాలమ్మ బయటికి వచ్చింది. పరిగెత్తలేదు. నీళ్ళకు పోతున్నట్టు నడిచి స్తంభం దగ్గరకు వెళ్ళి ఎర్ర మీట నొక్కింది. సైరన్ మోగింది. ఆ మోతలోనే నా వైపు తిరిగి, అందరికీ వినపడేట్టు అంది:

"బావా, ఆయప్ప అడగతాండేది ఈ గుండి. ఆ గుండె ఆయప్పదే, దాన్ని ఇడిసిపెట్టు."

నేను ఎగిరి వెనక్కి గెంతాను. వెనకాల కేబుళ్ళ కోసం తవ్విన గుంత ఉంది. అందులో పడ్డాను. (కన్నడంలో మీటనే కాదు, గుంతను కూడా గుండి అంటారని అప్పుడు గుర్తొచ్చింది. గుండెకు నాలుగు గదులుంటే ఆ ఒక్క మాటలోనూ నాలుగు గదులున్నాయి: చొక్కాది, ఒంట్లోది, స్తంభానిది, నేలది. నేను ఒక్కటీ వదలకుండా అన్నింటిలోకీ వెళ్ళి వచ్చాను.)

సారుకు ఒక పక్కటెముక బీటవారింది. మర్నాడు ఛాతీకి కట్టుతో వచ్చాడు. నేను పైపు వెనకాల దాక్కుంటే పిలిచి, నవ్వడానికి వీల్లేక చేత్తో పక్క పట్టుకుని, నువ్వు ఒత్తిన పద్ధతి మాత్రం నూటికి నూరు పాళ్ళు సరిగ్గా ఉందప్పా, నేను బతికుండటమే తప్పు అన్నాడు. అంత మంచి మనిషి. కానీ మంచితనంతో టోపీలు రావు. అందరూ చూస్తూ నిలబడ్డప్పుడు ఏది ముందు చెయ్యాలో తెలిసిన మనిషి ఒక్కరేనని పెద్ద సార్లు చెప్పి వెళ్ళారట. ఆ వారంలోనే సేఫ్టీ అసిస్టెంటు పని వచ్చింది. తెల్ల టోపీ వచ్చింది. యాలమ్మకు.

ఆ సాయంత్రం నేను నాగలమడిక దాకా పోయి ఏట్లో ఇసక మీద కూర్చున్నాను. ఏరు పోయింది, రాలేదు. టోపీ పోయింది, రాదు. మామ చెప్పింది నిజమేననిపించింది. మణికట్టు పట్టుకుంటే లోపల మాత్రం అది నిమ్మళంగా పోతోంది, వస్తోంది. దానికి నా సంగతి తెలియనట్టుంది.

మర్నాడు పొద్దున్నే నేను పళ్ళు తోముకుంటుండగా యాలమ్మ మా ఇంట్లోకి వచ్చింది. చేతిలో తెల్ల టోపీ. "అత్తా, ఈ ఇంట్లో చిలుక్కొయ్య యాడుండాది?" అని అడిగింది. మా ఇంట్లో చిలకకొయ్య ఎక్కడిది? క్యాలెండరు తగిలించిన మేకు ఒకటుంది. మా అమ్మ అయోమయంగా దాన్ని చూపించింది. యాలమ్మ క్యాలెండరు తీసి కింద పెట్టి, టోపీని మేకుకు తగిలించి, అది ఊగడం ఆగేదాకా చూసి, అమ్మ దగ్గర కాఫీ అడిగి తాగుతూ కూర్చుంది. కూతుర్ని వెతుక్కుంటూ మా మామ వచ్చేసరికి ఇదీ దృశ్యం.

"ఏందిది?" అన్నాడాయన.

"నువ్వు జెప్పినట్లే గదా నాయినా. నేను పోయే ఇంట్లో తెల్ల టోపీ ఏలాడతా ఉండాలన్నావు. ఏలాడతా ఉండాది. ఎవురి తలకాయదో నువ్వు చెప్పలా."

మా మామ మేకును చూశాడు, టోపీని చూశాడు, నోటినిండా నురగతో గుమ్మంలో నిలబడ్డ నన్ను చూశాడు. జేబులోంచి శెనక్కాయ ఒకటి తీశాడు గానీ ఒలవలేదు. చివరికి మా అమ్మతో అన్నాడు, "ఈ సీమలో పోయి తిరిగొచ్చింది నా మాటొకటేనక్కా. వచ్చి నాకే తగిలినాది."

ఆయన వెళ్ళాక నేను అడిగాను. జీవితంలో ఆ ప్రశ్న నేను వేసింది ఆ ఒక్కసారే. "యాలా?"

ఆమె గ్లాసు కింద పెట్టింది. "అబద్దానికి సచ్చినోని కోసరం నిజ్జంగా ఏడిసినావు. కోతలు గీతలు నేను చూసుకుంటాలే. మొగం కడుక్కో పో."

ఇప్పుడు నేను నలభైకి దగ్గరపడ్డాను. నా టోపీ ఇంకా పసుపే. కొన్ని వరసల్లో ప్యానెళ్ళను మిషన్లే తుడుస్తున్నాయి, మిగతా వాటికి పైపు నేనే పడుతున్నాను. చుట్టుపక్కల ఊళ్ళనుంచి కొత్తగా చేరిన పిల్లలకు గుండె పాఠం మా ఇంటావిడే చెబుతుంది. రెండుగా విప్పే ఆ ప్లాస్టిక్ గుండె సారు బదిలీ అయి వెళ్తూ ఆమెకు ఇచ్చి పోయాడు. పాఠంలో అక్కచెల్లెళ్ళ కథ కూడా చెబుతుంది. ఎవరు కట్టిన కథ అని ఎవరైనా అడిగితే, "ఒక అబద్దాల కోరు" అంటుంది. చీరలు మార్చుకునే మలుపు కూడా వదలకుండా చెబుతుందట. జనం తట్టుకుంటున్నారట. ఈమధ్య నాకు బీపీ ఉందన్నారు. డాక్టరు గొట్టం ఛాతీకి ఆనించి వింటుంటే తలుపులు సరిగ్గా పడుతున్నాయా సార్ అని అడిగాను. ఆయన గొట్టం తీసి నా మొహంలోకి చూసి, ఉప్పు తగ్గించమన్నాడు. ఇంట్లో ఎవరైనా గుండి ఒత్తమంటే నేనిప్పటికీ ఒక్క క్షణం ఆగి, ఏ గుండి అని అడుగుతాను. మా ఆవిడ జవాబు చెప్పదు. ఫ్యాను తానే వేసుకుంటుంది.

పొద్దున ఆమె తెల్ల టోపీ పెట్టుకుని స్కూటీ మీద పోతుంది. వరసవరసనా తిరిగి, ఊరందరి జాగ్రత్తలూ చూసి, పొద్దు గుంకే వేళకు దుమ్ముకొట్టుకుని, అలసిపోయి వస్తుంది. నా పని ముందే అయిపోతుంది కాబట్టి నేను లోపల చెవులు రిక్కించుకుని కూర్చుని ఉంటాను. మొదట వాకిట్లో ఇనుప గేటు పడిన చప్పుడు. ఆ తర్వాత కొంచెం ఆగి, ఇంటి తలుపు. అప్పుడు మేకు మీద, నా పసుపు టోపీ పక్కన, ఇంకో టోపీ తగిలిన చిన్న చప్పుడు. (ఇందులో కోత లేదు. ఉన్నా, ఈ ఒక్కటీ ఉండనివ్వండి.)